చిన్న మత్తు అనేది లేదు



గత నెల ఒక సాయంత్రం హవేలిఘనపూర్‌లో మా ఇంటి అరుగు మీదికి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతిలో మందుల చీటీ ఉంది. ఐదేళ్ళ మనవడికి రెండుమార్లు ఫిట్స్ వచ్చాయి. మెదడుకు ఎమ్మారై తీయించమని పిల్లల వైద్యుడు వ్రాశారు. హైదరాబాదులోని ఒక స్కానింగు కేంద్రానికి ఫోను చేస్తే, పిల్లవాడు కదలకుండా ఉండాలి కనుక మత్తు సిరప్ తాగించి తీసుకురమ్మన్నారట. ఆమె అడగవచ్చిన సందేహం ఒక్కటే.

“సారూ, పెద్ద ఆపరేషనేం గాదు గద, ఫొటోనే తీస్తరట. జరంత మత్తు తాపుమన్నరు. మెదక్ల కొని బస్సుల తాపనా, ఆడికి పోయినంక తాపనా?”

ఆమెను నేను తప్పుపట్టలేదు. “జరంత మత్తు”, “చిన్న మత్తు” అన్న మాటలను ప్రజల నోట పెట్టినవాళ్ళం వైద్యులమైన మేమే. ఎండోస్కోపీ గదిలో, పంటి కుర్చీ దగ్గర, స్కానింగు కేంద్రంలో, కాలిన గాయాలకు కట్టు మార్చే బల్ల దగ్గర, విరిగిన చేతిని సరిచేసే గదిలో ఈ మాట రోజూ వినిపిస్తుంది. పని చిన్నది కనుక మత్తు కూడా చిన్నదే అని దాని భావం. ఆ భావం తప్పు. ప్రాణాలు తీసేంత తప్పు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఆపరేషన్ థియేటరు వెలుపల మత్తు ఇచ్చే ప్రతిచోటా, చికిత్స చేసే వైద్యుడు కాక, రోగి శ్వాసను చూడడం తప్ప మరే పనీ పెట్టుకోని శిక్షితుడు ఇంకొకరు ఉండి తీరాలి. అటువంటి మనిషి లేనిచోట అత్యవసరం కాని మత్తు ఇవ్వకూడదు. మీరు తీసుకోకూడదు.

మత్తు అంటే నిద్ర కాదు

నిద్రపోతున్నవాడి గొంతు మూసుకుపోతే శరీరం వాడిని లేపుతుంది. పక్కకు ఒత్తిగిలుతాడు, మళ్ళీ ఊపిరి తీస్తాడు. మత్తులో ఉన్నవాడికి ఆ రక్షణ సన్నగిల్లుతుంది. నాలుక వెనక్కు జారుతుంది, గొంతు కండరాలు సడలుతాయి. ఊపిరి తీసుకొమ్మని ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగమే మందగిస్తుంది. కడుపులో ఉన్నది పైకి తన్నుకువస్తే దగ్గి ఉమ్మే శక్తి కూడా తగ్గిపోతుంది.

వైద్యశాస్త్రం మత్తును నాలుగు మెట్లుగా చెబుతుంది. మొదటి మెట్టులో మనిషి తేలికపడి మాట్లాడుతూనే ఉంటాడు. రెండవ మెట్టులో పిలిస్తే, తాకితే కళ్ళు తెరుస్తాడు. మూడవ మెట్టులో గట్టిగా, మళ్ళీ మళ్ళీ కదిపితే గాని పలకడు, అక్కడ ఊపిరి కూడా తడబడవచ్చు. నాలుగవది సంపూర్ణమైన మత్తు, అంటే జనరల్ అనస్థీషియా. ఈ మెట్ల నడుమ గోడలు లేవు. రెండవ మెట్టు వద్ద ఆగుతాడని ఇచ్చిన మందు ఒకరిని మూడవ మెట్టుకు, ఇంకొకరిని నాలుగవ మెట్టుకు దించుతుంది. వయసు, బరువు, గురక, కాలేయం పరిస్థితి, అంతకుముందు వాడిన మందులు అన్నీ ఇందులో పాలుపంచుకుంటాయి. ఎవరు ఎక్కడ ఆగుతారో ముందుగా తెలియదు కనుకనే ఎవరో ఒకరు పక్కన నిలబడి చూస్తూ ఉండాలి.

మిడజోలం ఎక్కువైతే ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉంది. ఫెంటనిల్ ఎక్కువైతే నాలొక్సోన్ ఉంది. నేడు ఎండోస్కోపీ గదుల్లో ఎక్కువగా కనిపించే పాలవంటి తెల్లని మందు ప్రొపొఫాల్‌కు విరుగుడు లేదు. దాని ప్రభావం తగ్గేవరకు రోగికి ఊపిరి అందించగల చేతులే దానికి విరుగుడు.

నా చేతిలో జరిగినది

ఇతరుల తప్పులు ఎంచేముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఎండోస్కోపీలు చేసేవాడిని. నాటి గొట్టాలకు తెరలు లేవు. గొట్టం చివరి అద్దానికి కన్ను ఆనించి చూడాలి. చూసేవాడికి తప్ప గదిలో ఎవరికీ ఏమీ కనబడదు. గది చీకటి. మత్తు ఇంజెక్షను ఇచ్చినది నేను. గొట్టం పట్టుకున్నది నేను. అద్దంలోకి చూస్తున్నదీ నేనే. నర్సు రోగి చేతులు పట్టుకొని ఉంది.

రోగి నలభై దాటిన స్థూలకాయుడు. మొదట పెనుగులాడాడు. ఇంకొంత మందు ఇచ్చాను. కొద్దిసేపటికి శాంతించాడు. ఆ శాంతి చూసి నేను సంతోషించాను. కడుపులోని పుండును చూడడంలో మునిగిపోయాను. “సార్, పెదవులు నల్లబడ్డాయి” అని నర్సు అనేవరకు నాకు తెలియదు. ఆ రోజు పక్కనే థియేటరులో ఒక అనస్థీషియా వైద్యుడు ఉండడం రోగి అదృష్టం. ఆయన పరుగున వచ్చి మొదట చేసిన పని మందు ఇవ్వడం కాదు. రోగి దవడను రెండు చేతులతో ముందుకు లాగి, ముసుగు అమర్చి, సంచి నొక్కి ఊపిరి అందించారు. రోగి బ్రతికాడు. ఆ గదిలో ఒక ఐదు నిమిషాలు ఎవరూ గమనించక ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినసాగుతుంది.

ఆ వైద్యుడు నన్ను తిట్టలేదు. “నీ రెండు కళ్ళూ కడుపులో పెట్టావు, శ్వాసకు కన్ను ఎవరిది?” అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత మత్తు చూసే మనిషి లేకుండా నేను గొట్టం పట్టలేదు.

ఈ పాఠం మన గడ్డ మీద చెప్పినదే

మన మెతుకు సీమ నిజాం సంస్థానంలో ఉన్న రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూలుకు ఎడ్వర్డ్ లారీ అనే సర్జను ప్రిన్సిపలుగా ఉండేవాడు. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు కొందరు రోగులు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది అప్పటి పెద్ద వివాదం. ఊపిరే అని లారీ వాదం. ఎడిన్‌బరోలో అతని గురువు జేమ్స్ సైమ్ నేర్పిన సూత్రం అది. నాడి పట్టుకొని కూర్చోవద్దు, శ్వాసను చూడు అని.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించగా 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్, 1889లో రెండవ కమిషన్ పనిచేశాయి. రెండవదానికి లండన్‌లోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడిని పంపింది. అందుకు నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చింది. వందలకొద్దీ ప్రయోగాలు జరిగాయి. ప్రపంచంలో తొలి మహిళా అనస్థీషియా వైద్యురాలిగా నేడు పేరు వినిపించే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలంలోనే హైదరాబాదులో చదివి, అక్కడే క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరారు.

లారీ చెప్పినదంతా నిజం కాదని తరువాత తేలింది. క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. కనుక లారీని వీరుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. క్లోరోఫామ్ పోయింది, ఆ వివాదమూ పోయింది. మత్తు ఇచ్చేవాడు శ్వాస మీదనుంచి కన్ను తీయరాదన్న నియమం మాత్రం నిలిచింది. ఇక్కడికి 100 కిలోమీటర్ల దూరంలో, 130 ఏళ్ళకు పైబడిన నాడు రాజు డబ్బు పెట్టి చేయించిన ఆ పరిశీలన తరువాత కూడా, అదే నగరానికి ఒక పసివాడిని బస్సులో మత్తు తాగించి తీసుకురమ్మంటున్నామంటే సిగ్గుపడవలసినది మనమే.

థియేటరు వెలుపల ప్రమాదం తక్కువ కాదు

“ఆపరేషన్ కాదు కదా” అన్న ధైర్యం తలక్రిందులు ఆలోచన. థియేటరులో మత్తు ఇచ్చే మనిషి ఉంటాడు, యంత్రం ఉంటుంది, ప్రాణవాయువు గోడలోంచి వస్తుంది, వెలుతురు ఉంటుంది, పిలిస్తే పలికే చేతులు ఉంటాయి. వెలుపల ఇవన్నీ ఒక్కొక్కటిగా తగ్గుతాయి. మందు మాత్రం అదే.

ఎమ్మారై చూడండి. పిల్లవాడు సొరంగంలో ఉంటాడు, సిబ్బంది అద్దం వెనుక ఉంటారు. ఛాతీ కదలిక కనబడదు, యంత్రపు మోతలో గురక వినబడదు. మామూలు మానిటర్లు, సిలిండర్లు ఆ అయస్కాంతం దగ్గరికి తీసుకుపోరాదు. 2001లో న్యూయార్క్ సమీపంలోని ఒక ఆసుపత్రిలో మత్తు ఇచ్చి ఎమ్మారైలో పడుకోబెట్టిన ఆరేళ్ళ బాలుడికి ప్రాణవాయువు అందించబోతూ ఇనుప సిలిండరు గదిలోకి తెచ్చారు. అయస్కాంతం దానిని లాక్కుంది. సిలిండరు తగిలి బాలుడు మరణించాడు. ఆ గదికి తగిన ఏర్పాటు లేకుండా మత్తు ఇస్తే, రక్షించబోయే చేయి కూడా చంపగలదు.

పంటి కుర్చీ దగ్గర శ్వాసమార్గమూ పనిచేసే చోటూ ఒకటే నోరు. నీరు, నెత్తురు, దూది అన్నీ అక్కడే. అమెరికాలో ఒకే దంత చికిత్సాలయంలో ముగ్గురు పిల్లలు మరణించిన తరువాత 1985లో అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ మత్తుకు తొలి మార్గదర్శకాలు వెలువరించింది. 2019 సవరణలో అది ఇంకా స్పష్టంగా చెప్పింది. దంతవైద్యశాలలో పిల్లలకు గాఢమైన మత్తు ఇచ్చేటప్పుడు, పని చేసే దంతవైద్యుడు కాక, మత్తు ఇచ్చి కనిపెట్టి చూసే అర్హుడు వేరుగా ఉండాలి.

పేరు, డబ్బు ఉన్నవారికి కూడా మినహాయింపు లేదు. మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న మరణించినది ఆసుపత్రిలో కాదు, తన ఇంటి పడకగదిలో. నిద్ర కోసం ఇచ్చిన ప్రొపొఫాల్ మీద మత్తు బిళ్ళల వర్గపు మందులు తోడయ్యాయి. జీతమిచ్చి పెట్టుకున్న వైద్యుడు సమయానికి గదిలో లేడు. అతనికి 2011లో శిక్ష పడింది. 2014లో హాస్యనటి జోన్ రివర్స్ న్యూయార్క్‌లో ఒక ఎండోస్కోపీ కేంద్రానికి నడిచి వెళ్ళింది. ప్రొపొఫాల్ మత్తులో ప్రాణవాయువు అందక కుప్పకూలి, కొద్ది రోజుల తరువాత చనిపోయింది. అక్కడ అనస్థీషియా వైద్యురాలు ఉన్నారు. అయినా ఆమె బరువు నమోదు చేయలేదని, దిగజారుతున్న సూచికలను సకాలంలో గుర్తించలేదని ప్రభుత్వ తనిఖీ తేల్చింది. మనిషి ఉంటే చాలదు, ఆ మనిషి చూడాలి.

“వేలికి క్లిప్పు పెట్టాం కదా” అంటారు. పల్స్ ఆక్సిమీటరు గొప్ప పరికరం. అయితే అది చూపేది నెత్తుటిలో మిగిలిన ప్రాణవాయువును, ఊపిరిని కాదు. ముక్కుకు ప్రాణవాయువు పెట్టి ఉన్నప్పుడు, ఊపిరి ఆగిన తరువాత కూడా చాలాసేపు అది మంచి అంకెనే చూపవచ్చు. విడిచే గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే కాప్నోగ్రఫీ అయితే ఊపిరి ఆగిన క్షణంలోనే చెబుతుంది. 2011 నుంచి అమెరికా అనస్థీషియా వైద్యుల సంఘం మోస్తరు మత్తుకు కూడా దీనిని ప్రమాణంగా పెట్టింది. మన ఎండోస్కోపీ గదుల్లో ఎన్నింటిలో ఇది ఉందో మీరే అడిగి చూడండి.

“చిన్న ఊళ్ళకు ఎక్కడనుంచి తెస్తాం?”

నా తోటి వైద్యులు చెప్పే సమాధానం ఇది. అందులో నిజం లేకపోలేదు. చిన్న పట్టణాల్లో అనస్థీషియా వైద్యులు తక్కువ. 108లో వచ్చిన ప్రమాద బాధితుడి విషయం వేరు, అక్కడ ఉన్నవారు ఉన్నంతలో చేస్తారు. అయితే ఎమ్మారై, ఎండోస్కోపీ, పంటి పని ముందుగా తేదీ ఇచ్చి పిలిచి చేసేవి. వారానికి ఒక రోజు నిర్ణయించి, మత్తు అవసరమైన వారందరినీ ఆ రోజున పిలిచి, ఒక అనస్థీషియా వైద్యుడిని రప్పించడం అసాధ్యం కాదు. పిలిస్తే పలికేంతటి మత్తుకు, శ్వాసను కాపాడడంలో శిక్షణ పొంది, వేరే పని చెప్పని నర్సు ఒకరు చాలు.

అసలు అడ్డు డబ్బు. ప్యాకేజీలో కోత పెట్టవలసి వచ్చినప్పుడు మొదట పోయేది అనస్థీషియా వైద్యుడి ఫీజు, ఎందుకంటే రోగి కళ్ళు మూసుకున్న తరువాత జరిగే పని అది. మనమూ తక్కువవాళ్ళం కాము. “ఐదు నిమిషాల మత్తుకు ఇంత ఫీజా?” అని బేరమాడతాం. ఆ ఫీజు సూదికి కాదు, మీ ఊపిరికి కాపలాకు.

ఇంకొక మాట. చాలా సందర్భాల్లో మత్తు అవసరమే లేదు. గొంతులో తిమ్మిరి మందు చల్లి ఎండోస్కోపీ చేయించుకొని లేచి వెళ్ళేవారు ఎందరో. కొద్ది నెలల పసిపాపకు కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో చుట్టి, చెవులు మూసి పడుకోబెడితే ఎమ్మారై తీయవచ్చు. కాపలా లేని మత్తు కన్న మత్తు లేని కాస్త ఇబ్బంది మేలు.

మీ వంతు నిజం

కల్లు సంగతి వైద్యుడి దగ్గర దాచకండి. మన తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్‌ప్రజోలం కలుపుతారన్నది అందరికీ తెలిసిన రహస్యం. 2015లో కల్తీపై దాడులు పెరిగినప్పుడు, కల్లు దొరకక వణుకుతూ ఆసుపత్రులకు చేరినవారిని చూశాం. పిల్లలకు స్కానింగుకు ముందు తాగించే ట్రైక్లోఫాస్ సిరప్ ఆ క్లోరల్ హైడ్రేటుకు తోబుట్టువే, ఒంట్లో రెండూ ఒకే పదార్థంగా మారతాయి. రోజూ అటువంటి కల్లు తాగేవారికి మామూలు మోతాదు చాలదు. వైద్యుడు మోతాదు మీద మోతాదు ఇస్తాడు. ఆ పొద్దున కూడా తాగి వస్తే రెండు మత్తులు కలిసి ఊపిరి ఆపుతాయి. అడిగినా అడగకపోయినా చెప్పండి. రాత్రి గురక, ఆస్తమా, గతంలో మత్తుతో వచ్చిన ఇబ్బంది, వాడే మందులు కూడా చెప్పండి.

ఉపవాసం విషయంలో జాలి పడకండి. తేట నీరు 2 గంటల ముందువరకు, తల్లిపాలు 4 గంటలు, ఇతర పాలు, తేలిక ఆహారం 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనం 8 గంటల ముందు ఆపాలి. “పిల్లవాడు ఏడుస్తున్నాడని రెండు బిస్కట్లే పెట్టాను” అన్న మాట దాచితే ఆ బిస్కట్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఫిట్స్ మందును మాత్రం వైద్యుడు చెప్పినట్లు గుక్కెడు నీటితో వేయాలి, మానకూడదు.

మత్తు తీసుకొనేముందు ఈ ప్రశ్నలు అడగండి. మత్తు ఎవరు ఇస్తారు? ఆ మనిషికి ఆ సమయంలో వేరే పని ఉందా? ఊపిరి ఆగితే ముసుగు, సంచి, ప్రాణవాయువు, పీల్చే యంత్రం ఈ గదిలోనే ఉన్నాయా? బరువు తూచారా? తరువాత ఎంతసేపు కనిపెట్టి చూస్తారు? జవాబులకు విసుక్కునే చోటినుంచి లేచి రండి. అది అమర్యాద కాదు.

తిరుగు ప్రయాణం మరువకండి. సిరప్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. స్కానింగు ముగిసి కళ్ళు తెరిచిన పిల్లవాడు బస్సు కుదుపులో మళ్ళీ మత్తులోకి జారుతాడు. ఒడిలో తల వాలి గడ్డం ఛాతీకి ఆనితే గొంతు మూసుకుపోతుంది. పక్కవారు నిద్రపోతున్నాడనే అనుకుంటారు. అటు బస్సులో తాగించినా ఇదే ప్రమాదం. ఆ ఒడిలో మానిటరు లేదు, కాపలా లేదు.

ఆ పెద్దావిడకు నేను చెప్పినది ఇదే. “అక్కా, ఇంట్లనూ వద్దు, బస్సులనూ వద్దు. మత్తు డాక్టరు ఉన్న కాడికే పోదాం” అన్నాను. ఆ కేంద్రానికి నేనే ఫోను చేసి అడిగితే, అనస్థీషియా వైద్యుడు తమ దగ్గర ఉండరని చెప్పారు. మరొకచోట వారం ఆలస్యంగా, కొంత ఎక్కువ ఖర్చుతో దొరికారు. పిల్లవాడిని తూచి, ఉపవాసం అడిగి, అయస్కాంతం దగ్గర పెట్టదగిన మానిటరు పెట్టి, స్కానింగు అయ్యేవరకు ఒకరు అక్కడే నిలబడ్డారట. పూర్తిగా లేచి, నీళ్ళు తాగి, పేరు చెప్పి, నడిచిన తరువాతనే పంపారు. తిరుగు బస్సులో ఆమె మనవడి గడ్డం కింద చేయి పెట్టుకొని, మెదక్ వచ్చేవరకు కునుకు తీయలేదట.

మీ ఇంట్లో ఎవరికైనా “చిన్న మత్తు” అని చెబితే, ఆ చేయి ఎవరిదో ముందు అడగండి.